మీకు తెలుసా? పెరట్లో చెక్క కోర్టుకు తేమే మొదటి లెక్క

మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమాస్తా నుంచి కోదాడ కాలువ కింది కౌలు రైతు దాకా అందరి నోట్లో నానే లెక్క తేమ. వడ్లలో 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు, మళ్లీ ఆరబోయమంటారు. ఇంటి వెనక పిల్లలు షటిల్ ఆడుకోవడానికి చెక్క కోర్టు వేయిద్దామనుకునే వాళ్లకు కూడా ముందుగా కావలసింది ఆ లెక్కే. నేలకు పరిచే పలకలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. చెక్క ఏ దేశానిది, పాలిష్ ఎంత మెరుస్తుంది అన్నవి ఆ తర్వాతి సంగతులు.

ఎన్ని గజాలు?

షటిల్ కోర్టు గీతల వరకు 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు. అడుగుల్లో 44, 20. గజాల్లో 98కి కాస్త తక్కువ. కానీ గీత దగ్గరే ఆట ఆగదు కదా. చుట్టూ రెండు మీటర్లు వదిలితే మొత్తం 210 గజాలవుతుంది, అంటే పావు తక్కువ రెండు గుంటలు. వెంచర్లలో అమ్మే 200 గజాల ప్లాటు మొత్తం ఇచ్చేసినా ఇంకో పది గజాలు చాలవు. ఇంటి మట్టుకు ఆడుకునే ఆటైతే పక్కల మీటరు, ముందూ వెనకా మీటరున్నర వదిలి 160 గజాల్లో సర్దుకోవచ్చు. అంతకంటే కుదించకండి. కాక్ కోసం వెనక్కి పరుగెత్తే పిల్లలు గోడ ఎక్కడుందో చూసుకోరు.

ఇంకో మాట. ఈమధ్య హైదరాబాద్‌లో జోరుగా నడుస్తున్న పికిల్‌బాల్ కోర్టు కూడా సరిగ్గా 44 అడుగులకు 20 అడుగులే. ఒకసారి నేల వేస్తే రెండు ఆటలకూ పనికొస్తుంది.

పెరట్లోనే పుట్టిన ఆటలు

ఈ కొలత ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు. 1965లో అమెరికాలో సియాటిల్ దగ్గరి బైన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్ ఇంటి పెరట్లో పాత షటిల్ కోర్టు ఉండేది. వేసవిలో ఏమీ తోచక ఉన్న పిల్లల కోసం ఆయనా, స్నేహితుడు బిల్ బెల్ కలిసి ఆ కోర్టు మీదే చెక్క బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఒక ఆట అల్లారు. అదే పికిల్‌బాల్.

అంతకు ముందే, 1928లో, న్యూయార్క్ పక్కన స్కార్స్‌డేల్‌లో జేమ్స్ కాగ్స్‌వెల్, ఫెసెండెన్ బ్లాంచర్డ్ అనే ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు చలికాలంలో ఆడుకోవడానికి కాగ్స్‌వెల్ స్థలంలో ఒక చెక్క వేదిక కట్టారు. నేలంతా మంచు, అందుకని నేలకు ఎత్తుగా పలకలు పరిచారు. షటిల్ ఆడదామనుకుంటే గాలి కాక్‌ను నిలవనివ్వలేదు. దాంతో పొట్టి చెక్క బ్యాట్లు, స్పాంజి బంతి పట్టుకున్నారు, చుట్టూ కోళ్లదొడ్డికి కట్టే తీగ జాలీ కట్టారు. జాలీకి తగిలి తిరిగొచ్చిన బంతిని కూడా కొట్టవచ్చని నియమం పెట్టుకున్నారు. ప్లాట్‌ఫాం టెన్నిస్ అనే ఆట అలా పుట్టింది, దాని కోర్టు ఈనాటికీ 44కు 20 అడుగులే.

వాళ్లను ఓడించిన గాలి మనల్నీ ఓడిస్తుంది. కాక్‌లో ఉండేవి 16 ఈకలు, మొత్తం బరువు అయిదున్నర గ్రాములు దాటదు. జూన్ గాలికి అది ఎటు పోతుందో చెప్పలేం. పైగా మనకు మంచు బెడద లేదు కానీ మే నెల ఎండా, ఆగస్టు ముసురూ ఉన్నాయి. ఆ రెండింటి మధ్య ఆరుబయట పరిచిన చెక్క ఏడాది తిరక్కుండానే లేచిపోతుంది. కప్పు వేసే స్తోమత లేకపోతే చెక్క కోర్టు ఆలోచనే వద్దని నా సలహా. ఆరుబయట పికిల్‌బాల్‌కు కాంక్రీటు మీద యాక్రిలిక్ పూత చాలు.

పలక కింద ఏముంది?

టీవీలో షటిల్ పోటీల్లో కనిపించే ఆకుపచ్చ నేల చెక్క కాదు. అది పీవీసీ మ్యాట్, చెక్క దాని కింద ఉంటుంది. ఆ చెక్కకూ కింది కాంక్రీటుకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. మోకాలిని కాపాడేది ఆ ఖాళీయే.

కింది నుంచి పైకి చూస్తే వరస ఇది. చదునైన కాంక్రీటు, దాని మీద పాలిథిన్ పట్టా, దాని మీద రబ్బరు దిమ్మెలు. దిమ్మెల మీద అడుగుకొకటి, అడుగుంపావుకొకటి చొప్పున అడ్డపట్టీలు. వాటి మీద ప్లైవుడ్, ఆపైన పలకలు. మన దగ్గర కోచింగ్ సెంటర్లలో చాలాచోట్ల పలకల దాకా పోరు. ప్లైవుడ్ మీదే మ్యాట్ పరిచి ఉడెన్ కోర్టు అంటారు. అందులో తప్పేమీ లేదు, ఇంటికి అది చాలు. కాకపోతే ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోవాలి, అది నీటికి తట్టుకునే రకం. ఐఎస్ 303 ముద్రతో వచ్చే మామూలు రకం ఇంట్లో అల్మారాలకు పనికొస్తుంది, ఇక్కడికి కాదు.

పలకలే పరిస్తే ఒక పలక అంచున గాడి, పక్కదాని అంచున ఆ గాడిలో దూరే నాలుక తీస్తారు. మేకును పైనుంచి కొట్టరు. ఆ నాలుక మొదట్లో ఏటవాలుగా కొడతారు. తర్వాతి పలక వచ్చి కూర్చోగానే మేకు తల కనిపించకుండా పోతుంది, పాదానికి తగలదు.

నేల ఎంత దెబ్బ మింగుతుందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. 20 కిలోల బరువును 55 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి ఒక స్ప్రింగు మీదికి వదులుతారు. అదే బరువు కాంక్రీటు మీద పడితే తగిలే దెబ్బతో పోల్చి ఇక్కడ ఎంత తగ్గిందో చూస్తారు. ఈఎన్ 14904 అనే యూరప్ ప్రమాణం ప్రకారం కనీసం 25 శాతం తగ్గాలి, 75 దాటకూడదు. మరీ మెత్తనైతే అడుగు నిలవదు, మడమ మెలిక పడుతుంది. పాత జర్మన్ ప్రమాణం 53 శాతం అడిగేది. ఇంతా చేసి మంచి చెక్క నేల అడుగు కింద దిగేది రెండు నుంచి అయిదు మిల్లీమీటర్లే. సిమెంటు గచ్చు అసలు దిగదు. మన ఊళ్లలో పిల్లలు రోజూ ఎగిరి దూకేది ఆ గచ్చు మీదే.

అడ్డపట్టీల మధ్య ఎడం పెంచి ఖర్చు తగ్గిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒక్క కాలి మీద దిగినప్పుడు ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు ఒకేచోట పడుతుంది. ఆట చూడటానికి చుట్టాలంతా ఒక మూల చేరితే ఆ లెక్క వేరు. చెక్క కట్టడం మీద మనుషుల బరువు అంటే ఏమిటో సూర్యాపేటకు తెలుసు. 2021 మార్చి 22న 47వ జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల కోసం కట్టిన గ్యాలరీ ప్రారంభం రోజునే కూలి, వంద మందికి పైగా గాయపడ్డారు. ఇంటి పని కదా అని ఊరుకోకుండా ఒక సివిల్ ఇంజినీరుతో ఆ లెక్క వేయించండి. అయ్యే ఖర్చులో అది చాలా చిన్న భాగం.

ఇల్లు తాకట్టు పెట్టి కోర్టు

మోకాలి గాయం విలువ షటిల్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ కంటే బాగా తెలిసినవాళ్లు తెలుగునాట ఉండరు. 1994లో మోకాలు దెబ్బతిని, శస్త్రచికిత్సలు చేయించుకుని, తిరిగి లేచి 2001 మార్చిలో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ షటిల్ టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత ఆయన తలపెట్టింది కోర్టులు కట్టడం. గచ్చిబౌలిలో ప్రభుత్వం అయిదెకరాలు ఇచ్చింది. కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టాడు, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ విరాళం తోడైంది. 2008లో అకాడమీ మొదలైంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా కాంస్యం, 2016 రియోలో సింధు రజతం ఆయన శిక్షణలో వచ్చినవే. పతకాల మాట వచ్చినప్పుడల్లా ఆటగాళ్లనీ గురువునీ తలుచుకుంటాం. ఆ ఇంటి కాగితాలను కూడా తలుచుకోవాలి.

నల్లరేగడా, ఎర్రనేలా?

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పొలాలన్నీ మాగాణి అయ్యాయి. పంటకు అది వరం. చెక్క నేలకు మాత్రం ఆ నీటితోనే తంటా. పక్కన పొలంలో నీళ్లు కట్టి ఉన్నంతకాలం పునాది కింద చెమ్మ పైకి పాకుతూనే ఉంటుంది. దానికి తోడు నల్లరేగడి ఉంటే వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దాని మీద పోసిన కాంక్రీటును తనతో పాటు కదిలిస్తుంది. అలాంటి చోట పైమట్టి లోతుగా తీసేసి, మొరం పొరలు పొరలుగా పోసి, నీళ్లు చల్లి, రోలరుతో దిమ్మిస చేయించాక గానీ కాంక్రీటు పోయకూడదు. సూర్యాపేట చుట్టుపక్కల ఎర్రనేల ఉన్నవాళ్లకు ఈ పని తేలిక.

కాంక్రీటు పైకి ఎండినట్టు కనిపించినా లోపల నీళ్లుంటాయి. అంగుళం మందానికి నెల చొప్పున ఆరనివ్వాలని లెక్క. నాలుగంగుళాలు పోస్తే నాలుగు నెలలు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటరు చదరం పాలిథిన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగంచులూ టేపుతో అతికించి, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దెక్కే దాకా వదిలేయండి. కవరు లోపలి వైపు నీటి బొట్లు కనిపించినా, కింద కాంక్రీటు నల్లబడినా ఇంకా ఆగాల్సిందే. మేస్త్రీ తొందరపెడతాడు, పాలిష్ వాళ్లు తొందరపెడతారు. ఆగండి.

చెద

మొరం పోసే ముందే మట్టికి చెదమందు పట్టించాలి. దాని పద్ధతంతా ఐఎస్ 6313 ప్రమాణంలో ఉంది. కట్టడం అయ్యాక రంధ్రాలు వేసి మందు పోయడం రెండింతల పని, సగం ఫలితం. టేకుకు చెద పట్టదంటారు, అది చేవకు మాత్రమే వర్తిస్తుంది. చేవలో టెక్టోక్వినోన్ అనే పదార్థం ఉంటుంది, చెదకు అది గిట్టదు. పక్కనుండే తెల్లచెక్కకు ఆ రక్షణ లేదు. సామిల్లులో పలక ఎంచుకునేటప్పుడు తెల్లచెక్క అంచులున్నవి పక్కన పెట్టించండి. సొంత చేనులోని టేకు చెట్టే కొట్టిద్దామనుకుంటే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి.

టేకా, మేపులా?

ప్రపంచంలో చాలాచోట్ల ఇండోర్ కోర్టులకు ఉత్తర అమెరికా మేపుల్ వాడతారు. అది గట్టిది, ఈనెలు సన్నవి, పేళ్లు లేవదు. గట్టిదనాన్ని కొలిచే జాంకా పరీక్షలో మేపుల్‌కు 1,450 పౌండ్లు, టేకుకు 1,070 దాకా వస్తుంది. ఇంతవరకు మేపుల్‌దే పైచేయి.

తేమ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. వానాకాలంలో తలుపు పట్టేసి, వేసవిలో వదులవడం ప్రతి ఇంట్లో చూసేదే. చెక్క పొడవులో దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. పచ్చిది పూర్తిగా ఎండేసరికి మేపుల్ అడ్డంగా పదో వంతు దాకా కుంచించుకుపోతుంది, టేకు ఆరు శాతంలోపే. పది మీటర్ల వెడల్పు నేలలో తేమ నాలుగు శాతం మారిందనుకోండి. సందు లేకుండా బిగించిన టేకు పలకలన్నీ కలిపి మూడంగుళాలు జరుగుతాయి, మేపుల్ అయిదున్నర. ఆ జరుగుడుకు చోటు లేకపోతే నేల మధ్యలో గూనిలా లేస్తుంది. అందుకే గోడ వెంట రెండంగుళాల ఖాళీ వదిలి, పైన పట్టీతో కప్పుతారు. పలకల మధ్య కూడా అక్కడక్కడా సన్నని సందు వదులుతారు. ఏసీ ఆపకుండా నడిచే హాలులో మేపుల్ బాగుంటుంది. ఏసీ లేని మన పెరటి షెడ్డుకు నేను టేకునే ఎంచుకుంటాను. టేకులో నూనె ఉంటుంది కనుక పైన వేసే లాకర్ పూత సరిగా అంటదు, వేసే ముందు సాల్వెంట్‌తో తుడిపించాలి.

నాలుగు చిన్న సంగతులు

చెక్క కోర్టు ఉన్న హాలులో వాటర్ కూలర్ పెట్టకూడదు. అది ఊదేది నీటి గాలి, పలక ఆ నీటిని తాగుతుంది. వేడి పోవాలంటే రేకు కింద ఇన్సులేషన్, గోడలకు పైన వెంటిలేటర్లు, ఆట ఆగినప్పుడు ఫ్యాన్లు.

తడిగుడ్డ, ఫినాయిల్ నీళ్లు ఈ నేల మీదికి రాకూడదు. పొడి మాపు ఒక్కటే. బయట తిరిగిన బూట్లు గుమ్మం దగ్గరే ఆగాలి.

తెల్ల కాక్ తెల్ల గోడ ముందు కనిపించదు. కోర్టు చివర్ల గోడలకు ముదురు ఆకుపచ్చో నీలమో వేయించండి. దీపాలు నెత్తి మీద కాకుండా పక్క గీతల వెంట ఉండాలి. కాక్ కోసం తల ఎత్తినప్పుడు వెలుగు సూటిగా కళ్లలో పడకూడదు.

మిర్యాలగూడ వాళ్లకు ప్రత్యేకం. మిల్లుల బాయిలర్లలో కాలిన ఊక బూడిదలో 85 నుంచి 90 శాతం సిలికా. గాలికి ఎగిరొచ్చిన ఆ బూడిద బూటు కింద పడితే లాకర్ మీద గరుకు కాగితం పనే చేస్తుంది. కిటికీలకు సన్న జాలీ తప్పదు. సరైన వేడిలో కాల్చి మెత్తగా నూరిన అదే బూడిదను సిమెంటులో పది శాతం దాకా కలిపితే మాత్రం కాంక్రీటు చిక్కబడి చెమ్మను అడ్డుకుంటుంది.

ఎత్తు

పెద్ద అంతర్జాతీయ పోటీలకు కోర్టు మీద 12 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. దాదాపు నాలుగంతస్తులు. ఇంటికి అంత అక్కర్లేదు కానీ 25 అడుగులైనా లేకపోతే ఎత్తి కొట్టిన ప్రతి కాక్ రేకుకు తగులుతుంది. ఆ ఎత్తున్న కట్టడాలు మన ఊళ్లలో ఇప్పటికే కొన్ని ఉన్నాయి: గోదాములు, ఫంక్షన్ హాళ్లు. 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ప్రకాశ్ పదుకోన్ బెంగళూరు మల్లేశ్వరంలో కెనరా యూనియన్ వారి కల్యాణ మండపంలోనే ఆడి పెరిగాడు. పెళ్లి ఉన్న రోజు ఆట ఉండేది కాదు. ఖాళీగా పడి ఉన్న గోదాము ఎవరికైనా ఉంటే కొత్త షెడ్డు కట్టే బదులు దానిలో చెక్క పరచడం మేలు. వాడకు ఒక కోర్టు వస్తుంది, ఖర్చు పదిమందికి పంచుకోవచ్చు.

అంత డబ్బు లేకపోతే?

సిమెంటు గచ్చు కంటే చదును చేసి నీళ్లు చల్లిన మట్టి నేల మోకాళ్లకు మంచిది. మట్టి మీద ఆడే ఆట మనకు ఉండనే ఉంది. బాల్ బ్యాడ్మింటన్ తంజావూరులో పుట్టినా తెలుగు పల్లెల్లో బడి మైదానాల ఆటగా స్థిరపడింది. పసుపు ఉన్ని బంతి 27 నుంచి 30 గ్రాములు, కాక్‌కు అయిదారు రెట్ల బరువు, కాబట్టి గాలిని ఖాతరు చేయదు. జట్టుకు అయిదుగురు, కోర్టు 24 మీటర్లకు 12. ఈ ఆటలో మొట్టమొదటి అర్జున అవార్డు 1970లో అందుకున్న జె. పిచ్చయ్య మన వరంగల్ మనిషి. ఆయన ఆటకు చెక్క కావలసిరాలేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మే నెలలో పరిచిన పలక ఎండిపోయి ఉంటుంది, వానలు పడగానే ఉబ్బి లేస్తుంది. ఆగస్టులో పరిచింది వేసవికి కుంచించుకుపోయి సందులు చూపిస్తుంది. మధ్యస్థంగా ఉండే కాలం దీపావళి నుంచి సంక్రాంతి దాకా. దాన్నిబట్టి వెనక్కి లెక్కవేసుకోవాలి. సంక్రాంతి దాటగానే తవ్వకం, చెదమందు, మొరం. ఫిబ్రవరి ఆఖరుకు కాంక్రీటు. వేసవంతా దాన్ని ఆరనిచ్చి, మృగశిర లోపు రేకులు ఎక్కించాలి. వానాకాలమంతా హాలు ఖాళీగా ఉంచి, కప్పు ఎక్కడ కారుతోందో, గోడ ఎక్కడ చెమరుస్తోందో చూసి సరిచేయించాలి. దసరాకు పలకలు తెచ్చి, మధ్య మధ్య సన్నపట్టీలు పెట్టి గాలాడేలా అదే హాలులో రెండు మూడు వారాలు పేర్చి ఉంచండి. బిగించే ముందు వడ్రంగిని తేమ మీటరు రెండు ముళ్లూ కనీసం ఇరవై పలకలకు గుచ్చి చూపించమనండి. ఏ పలకైనా 12 దాటితే మళ్లీ పేర్పులోకే.